నక్షలో ఒర్రె (చిన్న వాగు) ఉంది, లేఅవుట్ బ్రోచర్‌లో లేదు. అభ్యంతరం ఎక్కడ ఇవ్వాలి?

ఒర్రెకింది మడి:
మాది సంగారెడ్డి జిల్లా, హైదరాబాద్ ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) దాటినంక వచ్చే ఊరు. ఇంకా గ్రామ పంచాయతే. ఊరి మీది చెలకల 38 ఎకరాలు కొని లేఅవుట్ చేస్తున్నరు. కడీలు పాతిండ్రు, జెండాలు కట్టిండ్రు, ఐతారం వస్తే కార్లే కార్లు. పర్మిషన్ ఇంక రాలే, "అప్లై చేసినం" అంటున్నరు.

ఇండ్లు వస్తే నాకేం బాధ లేదు. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు ఒర్రెల వడి, మా మడి పక్కపొంటి పోయి ఊర చెరువుల కలుస్తయి. ఆ ఒర్రె సక్కగ ఆ 38 ఎకరాల నడుమకెల్లి వస్తది. ఊరి నక్షల గీత ఉన్నది. వాళ్ల బ్రోచర్ల అదే జాగల 40 ఫీట్ల రోడ్డు, రెండు దిక్కుల ప్లాట్లు! ఎండకాలం చూస్తే సర్కారు తుమ్మలు తప్ప ఏం కనవడదు. వానకాలం మాత్రం మా బాపు అటుదిక్కు గొడ్లను పోనియ్యడు.

సెక్రటరీని అడిగితే "పర్మిషన్ ఇచ్చేది హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ), మా చేతుల లేదు" అన్నడు. గ్రామసభల తీర్మానం చేస్తే ఆగుతదా? జనాన్ని పిలిచి అడిగే రోజు ఏదన్న ఉంటదా?

సిటీ సాయి:
చెరువులు, నాలాల మీది కబ్జాలు కూల్చే హైడ్రాకు కంప్లయింట్ పెట్టు బ్రో. తెల్లారేసరికి జేసీబీ దిగుతుంది.

గొలుసు సర్వేయర్:
హైడ్రా పరిధి ఓఆర్‌ఆర్ వరకే. వీళ్ల ఊరు దాని అవతల.

తమ్ముడూ, గొలుసు లాగి లాగి రిటైరైనవాణ్ని, తెలిసింది చెప్తా. జనాన్ని పిలిచి అడిగే రోజు లేఅవుట్‌కు ఉండదు. పేపర్లో చూసే ప్రజాభిప్రాయ సేకరణలు గనులకు, ఫ్యాక్టరీలకు. 2006 పర్యావరణ నోటిఫికేషన్ టౌన్‌షిప్‌లను కూడా అందులోంచి తప్పించింది. భూ వినియోగ మార్పిడి అడిగితే మాత్రం అభ్యంతరాలు పిలుస్తారు. కాబట్టి ఆ సర్వే నంబర్లు మాస్టర్ ప్లాన్‌లో ఏ జోన్‌లో ఉన్నాయో ముందు చూడు. రెసిడెన్షియల్ అని ఉంటే ఆ దారీ మూసినట్టే. తీర్మానం చేయించు, వద్దనను, ఫైలులో ఒక కాగితం అవుతుంది. దాంతో ఆగుతుందనుకోకు.

ఆగేది ఇరిగేషన్ దగ్గర. చెరువో నాలానో తగిలిన భూమికి వాళ్ల ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి. 2012 జీవో 168 ప్రకారం వాగు, నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే హద్దు నుంచి 9 మీటర్లు వదలాలి. 10 లోపైతే 2 మీటర్లే. అలా వదిలే జాగానే బఫర్ అంటారు. ఆట అంతా ఇక్కడే. పదకొండు మీటర్ల ఒర్రెను తొమ్మిదన్నర అని రాస్తే ఎన్ని ప్లాట్లు మిగులుతాయో లెక్కేసుకో. అందుకే కొలత ఎండాకాలం పెట్టిస్తారు. చదును చేశాక పెట్టిస్తే ఇంకా సులువు, కొలవడానికి ఒర్రే ఉండదు.

కాబట్టి సర్వే, ల్యాండ్ రికార్డ్స్ ఆఫీసులో గ్రామ నక్ష, ఆ నంబర్ల టిప్పన్ (సర్వే నంబరు కొలతల పటం) సర్టిఫైడ్ కాపీలు తీసుకో. నీళ్లు పారినప్పటి ఫోటోలు ఉంటే జత చెయ్యి. ఇరిగేషన్ ఈఈకి (ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) ఒకటి, హెచ్‌ఎండీఏ ప్లానింగ్‌కు ఒకటి, సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కు ఒకటి. ముద్ర వేయించుకోకుండా కౌంటర్ దగ్గర నుంచి కదలకు. సమాచార హక్కు కింద ఫైలు కాపీ కూడా అడుగు, కానీ దాని గడువు 30 రోజులు. అది వచ్చాక అభ్యంతరం ఇద్దామని కూర్చుంటే పర్మిషన్ చేతికొస్తుంది.

ప్లాటు కొన్నోణ్ణి:
ఆ బ్రోచర్ మీద రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ ఉందా? 500 చదరపు మీటర్లు దాటితే, అక్కడ రిజిస్టర్ చేయకుండా ప్రకటన ఇవ్వడమే తప్పు. బ్రోచర్ పారేయకు. మాకు తాత్కాలిక ఎల్‌పీ (లేఅవుట్ పర్మిట్) నంబర్ చూపించి "అప్రూవల్ అయిపోయింది సార్" అన్నారు. ఫైనల్ వేరే ఉంటుందని, 15 శాతం ప్లాట్లు అప్పటిదాకా అథారిటీకి తనఖాలో ఉంటాయని డబ్బులు కట్టాక తెలిసింది. మీ ఒర్రె మీద ప్లాటు కొనేవాడు కూడా నాలాంటోడే.

ఒర్రెకింది మడి:
రెరా నంబర్ లేదన్నా, "ప్రీ లాంచ్ ఆఫర్" అని ఉన్నది. సర్వేయర్ సాబ్, ఇంకో రెండు సంగతులు. ఊర్ల భూమి అమ్మినోళ్లకు ఇంక బకాయి పైసలు రావాలె, ఎవ్వలూ సంతకం పెడ్తలేరు. నిన్నటికెల్లి ఒర్రెల మొరం పోసుడు షురూ చేసిండ్రు.

గొలుసు సర్వేయర్:
సంతకాలతో పని లేదు. కింది రైతువి, నీ పాస్‌బుక్ కాపీ పెడితే చాలు. లేఅవుట్ ఆపమని మాత్రం రాయకు. ఒర్రెను రికార్డులో ఉన్న వెడల్పుతో, బఫర్‌తో సహా వదలమని రాయి. అప్పుడు అమ్మినవాళ్లు కూడా నీ మీదికి రారు, వాళ్ల పైసలు వాళ్లకొస్తాయి.

మొరం సంగతి సోమవారం దాకా ఆపకు. ఈరోజే తహసీల్దార్‌కు, ఇరిగేషన్ ఏఈకి ఇవ్వు. ఫోటోలో టిప్పర్ ఒక్కటే కాదు, పక్కనున్న కరెంటు స్తంభం నంబరు కూడా పడేట్టు తియ్యి. లేకపోతే రేపు "ఈ జాగా మాది కాదు" అంటారు.