సోవియట్ నుంచి విడిపోయిన 15 దేశాలు: ముప్పై ఏళ్లలో ఇంత తేడా ఎందుకు?

తూర్పుగాలి:
ఫ్రెండ్స్, కొన్నాళ్లుగా సోవియట్ యూనియన్ విడిపోయాక ఆ 15 దేశాలు ఏమయ్యాయో చదువుతున్నా. 1991 దాకా ఒకే రూబుల్, ఒకే ప్లానింగ్, ఏ ఫ్యాక్టరీలో ఏం తయారవ్వాలో కూడా మాస్కో చెప్పిందే లెక్క. ఇప్పుడు చూస్తే ఎస్తోనియా తలసరి జీడీపీ 30 వేల డాలర్ల దగ్గరుంది, తజికిస్తాన్‌ది 1,200 ప్రాంతంలో, మధ్యలో రష్యా, కజకిస్తాన్ 13-14 వేల దగ్గర. ఉక్రెయిన్ సంగతైతే నాకు అస్సలు మింగుడుపడట్లేదు, నల్లమట్టి నేలలు, ఉక్కు ఫ్యాక్టరీలు, రాకెట్లు చేసిన ఇంజనీర్లు, ఓడరేవులు అన్నీ ఉండి కూడా 2022 యుద్ధానికి చాలా ముందే వెనకబడిపోయింది. చాలామంది "యూరోపియన్ యూనియన్‌లో చేరినోళ్లు బాగుపడ్డారు, మిగతావాళ్లు లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, కానీ బాల్టిక్ దేశాలు (ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియా) చేరింది 2004లో కదా, తేడా అంతకుముందే కనపడుతోంది. ఇంకోటి, షాక్ థెరపీ (ధరల మీద కంట్రోల్ ఒక్కసారిగా ఎత్తేసి మార్కెట్‌కి వదిలేయడం) వల్లే రష్యా నాశనమైందంటారు, అదే షాక్ థెరపీ వల్ల ఎస్తోనియా బాగుపడిందంటారు, రెండూ ఎలా నిజమవుతాయి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

లెక్కలపుస్తకం:
మంచి ప్రశ్న బ్రో. ముందు ఒకటి గుర్తుపెట్టుకోవాలి, ఉమ్మడి కుటుంబం పంపకాల్లో ఒకడికి రోడ్డు పక్క పొలం, ఇంకొకడికి బీడు వచ్చినట్టే ఇక్కడా జరిగింది. బాల్టిక్ మూడూ, రష్యా అప్పటికే తలసరిగా పైన ఉండేవి. తజికిస్తాన్ అట్టడుగున ఉండేది, దాని బడ్జెట్‌లో పెద్ద వాటా మాస్కో నుంచే వచ్చేది, యూనియన్‌తో పాటు అదీ పోయింది, మరుసటి ఏడే అంతర్యుద్ధం మొదలై 1997 దాకా నడిచింది. అక్కడ చెప్పుకోదగ్గ పెద్ద పరిశ్రమ తుర్సున్‌జాదా అల్యూమినియం ఫ్యాక్టరీ. దానికి కావాల్సిన అల్యూమినా ఆ దేశంలో లేదు, నురెక్ డ్యామ్ కరెంటు చవగ్గా వస్తుందని ముడిసరుకు దూరం నుంచి తెప్పించేలా ప్లాన్ చేసి కట్టారు. అంతా ఒకే దేశంగా ఉన్నప్పుడు ఇబ్బంది లేదు, మధ్యలో సరిహద్దులు, కస్టమ్స్, ఎవడి కరెన్సీ వాడిది అయ్యాక ఇలాంటి ఫ్యాక్టరీలన్నీ ఇరుక్కుపోయాయి.

ఇక షాక్ థెరపీ. 1992లో రూబుల్ నోట్లు అచ్చేసేది రష్యా ఒక్కటే, కానీ రూబుళ్లలో అప్పులిచ్చే వీలు మాత్రం ప్రతి కొత్త దేశపు సెంట్రల్ బ్యాంకుకీ ఉంది. అంటే నీ ఫ్యాక్టరీలకి నువ్వు ఎంత అప్పిచ్చుకున్నా లాభం నీది, దానివల్ల ధరలు పెరిగితే ఆ దెబ్బ అందరిదీ. ఇక ఎవరు ఆగుతారు చెప్పు? ఈ గొడవలోంచి అందరికంటే ముందు బయటపడింది ఎస్తోనియా, 1992 జూన్ 20న. మనిషికి 1,500 రూబుళ్ల వరకు, 10 రూబుళ్లకి ఒక క్రూన్ (వాళ్ల కొత్త కరెన్సీ) లెక్కన మార్చారు, అంటే తలా 150 క్రూన్లు. 8 క్రూన్లకి ఒక జర్మన్ మార్క్ అని ఫిక్స్ చేశారు, ప్రపంచ యుద్ధానికి ముందు బ్రిటన్ లాంటి చోట్ల దాచిన బంగారం తిరిగొస్తే దాన్ని వెనకాల నిల్వగా పెట్టారు, ఆ నిల్వ లేకుండా కొత్త నోటు బయటికి రాకూడదు. ప్రభుత్వం ఎంత అడిగినా కొట్టివ్వడానికి లేదు. జనం ఇబ్బంది పడలేదని కాదు, పెన్షన్ మీద బతికేవాళ్లు, మూతపడ్డ ఫ్యాక్టరీల పక్కన నార్వా లాంటి ఊళ్లవాళ్లు బాగా నలిగిపోయారు.

రష్యాలో 1992 జనవరి 2న ఆర్థిక సంస్కరణలు నడిపిన గైదర్ టీమ్ ధరలు వదిలేసింది, ఆ ఏడాది ద్రవ్యోల్బణం 2,500 శాతం దగ్గర, జీవితాంతం బ్యాంకులో దాచుకున్న డబ్బు ఆవిరైపోయింది. కానీ జాగ్రత్తగా చూడు, షాపుల్లో చాలా సరుకుల ధరలు వదిలారు, ఆయిల్ ధర వదల్లేదు. ఆ మొదటి నెలల్లో లోపలి ఆయిల్ రేటు బయటి రేటులో దాదాపు వందో వంతు ఉండేది. ఎక్స్‌పోర్ట్ లైసెన్స్ ఎవడి చేతిలో ఉందో వాడు ఇక్కడ కొని అక్కడ అమ్ముకుని రాత్రికి రాత్రి కోటీశ్వరుడయ్యాడు. ఆ డబ్బుతో బ్యాంకులు పుట్టాయి, ఆ బ్యాంకులే 1995లో లోన్స్ ఫర్ షేర్స్ (ప్రభుత్వానికి అప్పిచ్చి దాని కంపెనీల షేర్లు తాకట్టు పట్టడం) పేరుతో యూకోస్ ఆయిల్ కంపెనీ, నోరిల్స్క్ నికెల్ లాంటివి కారుచవగ్గా పట్టుకుపోయాయి, 1998 ఆగస్టులో ప్రభుత్వమే అప్పు కట్టలేక చేతులెత్తేసింది. ఎస్తోనియాలో షాక్ అందరికీ ఒకేసారి తగిలింది, రష్యాలో పేదోడికి షాక్ తగిలింది, లైసెన్స్ ఉన్నోడికి పండగైంది. నా దృష్టిలో ఈ 15 దేశాల్లో ఏది చూసినా ఒకటే ప్రశ్న వేసుకోవాలి, రెండు రేట్ల మధ్య తేడా ఎవడి జేబులోకి పోయింది అని.

పాతపటం:
పై రిప్లై బాగుంది గానీ స్పీడుగా వెళ్లినోళ్లే గెలిచారు అన్నట్టు ఎవరైనా అర్థం చేసుకుంటే తప్పు. ఉజ్బెకిస్తాన్ చూడండి. అస్సలు తొందరపడలేదు, ప్రైవేటైజేషన్ నెమ్మదిగా, ధరల మీద కంట్రోల్ అలాగే, అయినా 90ల్లో ఈ దేశాలన్నిట్లో ఉత్పత్తి పతనం అందరికంటే తక్కువ ఉన్నది అక్కడే. పత్తి, మురున్‌తావ్ గని బంగారం ప్రపంచంలో ఎక్కడైనా అమ్ముడుపోతాయి కాబట్టి తట్టుకున్నారు. బెలారస్ కూడా అంతే, 1994లో లుకషెంకో అధ్యక్షుడిగా వచ్చాక పెద్ద ఫ్యాక్టరీలు ప్రభుత్వం చేతిలోనే ఉంచారు, మిన్స్క్‌లో ట్రాక్టర్లు, జోదినోలో ఆ భారీ బెలాజ్ డంపర్లు ఇప్పటికీ తయారవుతున్నాయి, రష్యా, ఉక్రెయిన్‌లో లాంటి ఆలిగార్క్‌లు (ప్రభుత్వాన్నే శాసించే కోటీశ్వరులు) అక్కడ పుట్టలేదు. జీతాలు నెలనెలా వచ్చాయి. అదే టైమ్‌లో రష్యాలో నెలల తరబడి జీతాలు ఆగిపోయి, జీతం బదులు ఫ్యాక్టరీ సరుకే చేతిలో పెట్టారు. రష్యాలో మగవాళ్ల సగటు ఆయుష్షు 1987లో 65 దగ్గరుంటే 1994కల్లా 58 లోపుకి వచ్చేసింది. యుద్ధం లేదు, కరువు లేదు, అయినా ఏడేళ్లు తగ్గిపోయింది. జీడీపీ గ్రాఫుల్లో ఇది కనపడదు, నాకైతే ఇదే అన్నిటికంటే పెద్ద అంకె.

లెక్కలపుస్తకం:
@పాతపటం ఆయుష్షు మాటతో నూటికి నూరు శాతం ఒప్పుకుంటా. కానీ అన్నా, బెలారస్ బండి నడిచింది రష్యా చవక ఆయిల్ మీద కదా. మోజిర్, నోవోపోలోత్స్క్ రిఫైనరీల్లో ఆ క్రూడ్ శుద్ధి చేసి యూరప్‌కి యూరప్ రేటుకే అమ్మారు, అదే రెండు రేట్ల తేడా. కాకపోతే అక్కడ అది బడ్జెట్‌లోకి పోయి జీతాలుగా తిరిగొచ్చింది, అందుకే జనానికి కాస్త అందింది. రష్యా గట్టిగా బేరమాడటం మొదలెట్టాక గ్యాస్ పైప్‌లైన్ కంపెనీ మొత్తం రష్యా గ్యాస్ కంపెనీ గాజ్‌ప్రోమ్‌కి ఇచ్చేయాల్సొచ్చింది, 2011లో ద్రవ్యోల్బణం 100 శాతం దాటింది.

ఉజ్బెకిస్తాన్‌లో అయితే రైతు దగ్గర పత్తిని ప్రభుత్వం తను పెట్టిన రేటుకే కొనేది, తనే బయట డాలర్లకి అమ్మేది. కోతల సీజన్‌లో స్కూలు పిల్లల్ని, టీచర్లని, నర్సుల్ని పొలాల్లోకి తోలేవాళ్లు. డాలర్‌కి అఫీషియల్ రేటు ఒకటి, బజార్ రేటు దానికి రెట్టింపు. 2017 సెప్టెంబర్‌లో అధ్యక్షుడు మిర్జియోయెవ్ రెండూ కలిపేస్తే ఒక్క రోజులో అఫీషియల్ రేటు 4,200 సోమ్‌ల నుంచి 8,100 దగ్గరికి పోయింది. అంటే అప్పటిదాకా సగం ధరకి డాలర్ ఎవడికి దొరికేదో ఆలోచించండి. పత్తిలో బలవంతపు చాకిరీ ఒక పద్ధతిగా నడవడం ఆగిందని ఐఎల్‌ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) చెప్పింది 2022లో, అంటే స్వాతంత్ర్యం వచ్చిన ముప్పై ఏళ్లకి.

కిర్గిజ్‌కొండలు:
నేను బిష్కెక్‌లో ఎంబీబీఎస్ చదివా కాబట్టి అక్కడి సంగతి చెప్తా, ఎకనామిక్స్ నా సబ్జెక్ట్ కాదు, చూసింది చెప్తున్నా. ఊరి చివర దొర్దోయ్ బజార్ అని ఉంటుంది, షాపులు కట్టలేదు, షిప్పింగ్ కంటైనర్లే ఒకదాని మీద ఒకటి పెట్టి వరసలు వరసలుగా కిలోమీటర్ల కొద్దీ పేర్చారు, కింది కంటైనర్‌లో షాపు, పై కంటైనర్‌లో స్టాకు. మా చలికోట్లు, బూట్లు అన్నీ అక్కడే కొనేవాళ్లం. అమ్మేవాళ్లలో ఒకప్పుడు టీచర్లు, ఇంజనీర్లుగా చేసినవాళ్లు కూడా ఉండేవాళ్లు, ఫ్యాక్టరీ మూతపడ్డాక చైనా వెళ్లి సంచుల్లో సరుకు తెచ్చుకుని మొదలెట్టామని చెప్పేవాళ్లు. కిర్గిజ్‌స్తాన్ 1998లోనే డబ్ల్యూటీఓలో చేరింది, మాజీ సోవియట్ దేశాల్లో అదే మొదటిది, సుంకాలు తక్కువ కాబట్టి చైనా సరుకు అక్కడ దిగి కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్, రష్యాకి పోయేది. 2015లో రష్యా వాళ్ల యూరేసియన్ యూనియన్‌లో చేరాక సుంకాలు పెరిగి బజార్ కాస్త డల్ అయింది, కుట్టుపని షాపులకి మాత్రం రష్యా మార్కెట్ ఈజీ అయింది.

కానీ అసలు డబ్బు వచ్చేది బయట దేశాల్లో పనిచేసే మనుషుల మీద. మా ఇంటి ఓనర్ పెద్దావిడ, కొడుకూ కోడలూ ఇద్దరూ మాస్కోలోనే పని, మనవడు ఆవిడ దగ్గర పెరుగుతున్నాడు, ఆ వీధిలో అలాంటి ఇళ్లే ఎక్కువ. బయట నుంచి వచ్చే ఆ డబ్బు చాలా ఏళ్లు జీడీపీలో 30 శాతం దాకా ఉంది, తజికిస్తాన్‌లో కొన్నేళ్లు 40 దాటింది. రూబుల్ పడిపోతే బిష్కెక్ వంటింట్లో తెలిసిపోతుంది, 2014-15లో అలాగే అయింది. డబ్ల్యూటీఓ, ఫ్రీ మార్కెట్, ఎన్నికలు అన్నీ ముందే చేసిన దేశం ఇంకా ఇలా ఎందుకుందంటే, సముద్రం లేదు, కుమ్తోర్ బంగారు గని తప్ప పెద్ద ఆదాయం లేదు, దగ్గర్లో కొనేవాడు ఎవడూ అంత ధనవంతుడు కాదు. ఎస్తోనియా నుంచి ఫెర్రీ ఎక్కితే రెండు గంటల్లో హెల్సింకి వస్తుంది. పాలసీ గురించి ఎంత మాట్లాడినా మ్యాప్‌ని పక్కన పెట్టలేం.

తూర్పుగాలి:
చాలా థాంక్స్ అందరికీ, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. రెండు రేట్ల తేడా అనేది పట్టుకుని చూస్తుంటే చాలా విషయాలు ముడిపడుతున్నాయి. మరి ఉక్రెయిన్‌లో ఆ తేడా ఏంటి? ఆయిల్ లేదు కదా. అలాగే ఆయిల్ ఉన్న కజకిస్తాన్, అజర్‌బైజాన్ గురించి కూడా చెప్పండి.

లెక్కలపుస్తకం:
ఉక్రెయిన్‌లో అది గ్యాస్. కానీ దానికి ముందు డబ్బు సంగతి, వీళ్లు సెంట్రల్ బ్యాంకుతో ఫ్యాక్టరీలకి, కలెక్టివ్ ఫారాలకి అప్పులు గుమ్మరించారు, 1993లో ద్రవ్యోల్బణం 10,000 శాతం దాటింది. శాంతి సమయంలో ఒక దేశానికి అంతకంటే ఘోరం ఏముంటుంది. 1996 సెప్టెంబర్‌లో హ్రివ్నియా అనే కొత్త కరెన్సీ తెచ్చినప్పుడు లక్ష పాత కూపన్లకి ఒక హ్రివ్నియా ఇచ్చారు. అంటే ఎస్తోనియా నాలుగేళ్ల ముందు చేసిన పని. ఆ నాలుగేళ్లలోనే దేశం ఎవరిదో తేలిపోయింది.

గ్యాస్ విషయానికొస్తే, రష్యా, తుర్క్‌మెనిస్తాన్ నుంచి వచ్చే గ్యాస్‌కి మధ్యలో బ్రోకర్ కంపెనీలు, ఇళ్లకిచ్చే గ్యాస్‌కి కారుచవక రేటు, ఫ్యాక్టరీలకి ఎక్కువ రేటు. ఇళ్ల పేరు చెప్పి చవగ్గా తీసుకున్నది పక్కదారి పట్టించి అమ్ముకుంటే ఎంత మిగులుతుందో లెక్కేసుకో. 2014లో ప్రభుత్వ కంపెనీ నాఫ్టోగాజ్ లోటు ఒక్కటే జీడీపీలో 5 శాతం పైన. ఆ నల్లమట్టి నేల సంగతి కూడా అంతే, 2001 నుంచి 2021 జులై దాకా సాగుభూమి అమ్మకం మీద నిషేధం ఉంది, రైతు తన పొలం కౌలుకి ఇవ్వగలడు గానీ అమ్మలేడు, తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకోలేడు, చివరికి వేల హెక్టార్ల కంపెనీలు చవక కౌలుతో బాగుపడ్డాయి. 2014 తర్వాత గ్యాస్ రేట్లు సరిచేశారు, గవర్నమెంట్ టెండర్లు ప్రొజోర్రో అని ఆన్‌లైన్‌లో పెట్టి ఎవరైనా చూసేలా చేశారు, బ్యాంకులు ప్రక్షాళన చేశారు. నిజంగా గాడిలో పడుతున్న టైమ్‌లో 2022 యుద్ధం వచ్చి ఆ ఒక్క ఏడాదే ఎకానమీ దాదాపు 29 శాతం కుంగిపోయింది. తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

పాతపటం:
ఆయిల్ దేశాల గురించి నేను క్లుప్తంగా చెప్తా. కజకిస్తాన్ 1993లో తెంగిజ్ ఫీల్డ్‌కి షెవ్రాన్‌ని తెచ్చింది, 2001లో పైప్‌లైన్ వచ్చాక డబ్బు పారింది, 2000లోనే నేషనల్ ఫండ్ పెట్టి కొంత దాచారు, బొలాషాక్ స్కాలర్‌షిప్‌తో పిల్లల్ని విదేశాల్లో చదివించారు, ఇవి మంచి పనులే. అయితే ఆ పైప్‌లైన్ వెళ్లేది రష్యా నేల మీదుగా నోవోరోసిస్క్‌కి, ఆ పట్టు ఇప్పటికీ వదల్లేదు. అజర్‌బైజాన్ మాత్రం బాకు నుంచి జార్జియా మీదుగా టర్కీ రేవుకి వేరే దారి వేసుకుంది, 2006లో ఏకంగా 34 శాతం గ్రోత్. ఆయిల్ రేటు పడిపోగానే 2015లో ఒక్క ఏడాదే తమ కరెన్సీ మనాత్ విలువని రెండుసార్లు దించేశారు. తుర్క్‌మెనిస్తాన్ లెక్కలు నమ్మి ఏ పోలికా చేయకండి, అక్కడ డాలర్ అఫీషియల్ రేటు 3.5 మనాత్‌లు, బయట దానికి అయిదారు రెట్లు.

సగటు అంకె ఎంత దాస్తుందో చూడాలంటే 2022 జనవరిలో కజకిస్తాన్ గొడవలు చూడండి. మొదలైంది జనావోజెన్‌లో, ఆయిల్ తీసే ఊరే అది. కార్లకి వాడే ఎల్‌పీజీ లీటర్ 60 టెంగేల నుంచి 120 అయ్యేసరికి జనం రోడ్డెక్కారు, రోజుల్లో అల్మాటి దాకా అంటుకుంది. దేశానికి డాలర్లు తెచ్చిపెట్టే ఊళ్లో గ్యాస్ కొనలేని పరిస్థితి.

మూడోవరస:
అందరూ బాల్టిక్స్‌ని పొగుడుతున్నారు కాబట్టి ఒక్క విషయం. తలసరి అంటే తలలతో భాగించడమే కదా, మరి తలలే తగ్గిపోతే? లాత్వియా జనాభా 1990లో 26 లక్షల పైన, ఇప్పుడు 19 లక్షల లోపు. లిథువేనియా 37 లక్షల నుంచి 28-29 లక్షలకి వచ్చింది. 2009లో మూడు దేశాల ఎకానమీ ఒక్క ఏడాదిలో 14 శాతం ఆ ప్రాంతంలో పడిపోయింది, లాత్వియాలో 2008 చివర్లోనే పారెక్స్ బ్యాంక్‌ని ప్రభుత్వం తీసుకోవాల్సొచ్చింది, టీచర్లు, నర్సుల జీతాలు కోసేశారు, హాస్పిటళ్లు మూసేశారు. కరెన్సీ విలువ మాత్రం దించలేదు, 2014లో యూరో కూడా తెచ్చుకున్నారు, పేపర్ మీద సక్సెస్. కానీ వయసులో ఉన్నవాళ్లు ఐర్లాండ్, బ్రిటన్ వెళ్లిపోయారు, ఈయూ సభ్యత్వం వల్ల అడ్డు లేదు. కొందరు తిరిగొస్తున్నారు, లిథువేనియాలో జీతాలు బాగా పెరిగాయి, అది నిజమే.

తూర్పుగాలి గారూ, మీరు టేబుల్ ఏదైనా వేసుకుంటుంటే తలసరి పక్కన 1990 జనాభా, ఇప్పటి జనాభా రెండు కాలమ్స్ పెట్టండి. జార్జియాని అలా చూడండి, 2003 తర్వాత దాదాపు 16,000 మంది ట్రాఫిక్ పోలీసుల్ని తీసేసి లంచం లేకుండా చేశారు, వ్యాపారం చేయడం ఎంత సులువో చూసే ప్రపంచ బ్యాంకు ర్యాంకుల్లో 6వ స్థానం దాకా పోయారు, కానీ 54 లక్షల జనాభా 37 లక్షలైంది. అబ్ఖాజియా, దక్షిణ ఒసేతియా అనే ప్రాంతాలు చేజారినవి అందులో కొంత, మిగతా ఎక్కువ భాగం పనికోసం పోయినవాళ్లే. మల్దోవాకి కూడా అదే కాలమ్ వేయండి, పక్కన ట్రాన్స్‌నిస్ట్రియా (మల్దోవా నుంచి వేరుపడ్డ ప్రాంతం) అని ఒక గమనిక పెట్టుకోండి, ఎందుకంటే వాళ్ల పెద్ద పవర్ స్టేషన్, ఉక్కు ఫ్యాక్టరీ రెండూ 1992 యుద్ధంలో అటువైపే ఉండిపోయాయి.