స్విచ్ బోర్డులో 70 వోల్టులు చూపించే వైరు ఏంటి?

కొత్తమీటరు: మధ్యాహ్నం నుంచి దీనితోనే కుస్తీ, ఓపిక అయిపోయింది. బోర్డు విప్పితే మూడు వైర్లు, మూడూ ఎర్రవే. మల్టీమీటరు పెడితే ఒకటి 230 వోల్టులు చూపిస్తోంది, సరే ఫేజు. రెండోది 70 దగ్గర ఊగుతోంది, మూడోది సున్నా. సగం కరెంటు వచ్చే వైరు కూడా ఉంటుందా? కొత్త స్విచ్ తనే కాస్త కరెంటు వాడే రకం, దానికి న్యూట్రల్ కావాలి, ఏదో చెప్పండి చాలు.

ఎర్త్‌పిన్: మీటరు రెండో ప్రోబ్ (వైరు చివరి మొన) ఎక్కడ పెట్టారు?

పాతవైరింగ్: అసలు మూడూ ఎర్రవి ఎలా వేస్తారండీ! పాత పద్ధతిలో ఫేజు ఎరుపు, న్యూట్రల్ నలుపు, ఎర్త్ పచ్చ. కొత్తదాంట్లో గోధుమ, నీలం, పచ్చ-పసుపు చారలు. చేతిలో ఏ చుట్ట మిగిలితే అది లాగేసి పోతారు, కనీసం చివర్లకి రంగు టేపైనా చుట్టరు. తర్వాత విప్పేవాడి ప్రాణం మీదికి వస్తుందని ఎన్నిసార్లు చెప్పినా ఇంతే.

కొత్తమీటరు: రంగులు ఇప్పుడు నేను మార్చలేను కదండీ. రెండో ప్రోబ్ ఇనుప పెట్టెకి ఆనించాను.

ఎర్త్‌పిన్: పెట్టెకి ఎర్త్ ఉందని తేలేదాకా ఆ రీడింగులు నమ్మొద్దు. బల్బు హోల్డర్లో ఉందా?

సర్క్యూట్: ఆ 70 ఉత్తుత్తి వోల్టేజి. ఎటూ తగలని వైరు అదే పైపులో ఫేజు పక్కనే నడిస్తే దానిలో కాస్త వోల్టేజి పుడుతుంది. డిజిటల్ మీటరు లోపలి నిరోధం మామూలుగా 10 మెగాఓములు ఉంటుంది, అందుకే ఆ కాస్తా తెర మీద కనిపిస్తుంది. ఫిలమెంటు బల్బు లాంటి లోడు తగిలితే వెంటనే పడిపోతుంది. నా అనుమానం, అది స్విచ్ నుంచి లైటుకి వెళ్లే వైరు. చాలా స్విచ్ బోర్డుల్లోకి న్యూట్రల్ అసలు రానే రాదు. ఇంకోటి, ఎర్ర ప్రోబ్ 10 ఆంపియర్ల రంధ్రంలో ఉంచి వోల్టేజి చూశారంటే నేరుగా షార్టే. బీప్ మోడ్ (రెండు చివర్లూ కలిసి ఉంటే మోగేది) కరెంటు ఉన్న వైరు మీద పెట్టొద్దు.

పాతవైరింగ్: న్యూట్రల్ లేకపోతే ఎర్త్ కలిపేయొచ్చు, చివరికి రెండూ ఒకచోటే కలుస్తాయి.

ఎర్త్‌పిన్: కలపకూడదు. ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌కి లీకైతే సప్లై ఆపేసే స్విచ్) ఉంటే ట్రిప్ అవ్వొచ్చు. లేకపోతే, ఎర్త్ ఎక్కడైనా తెగిన రోజు ఆ స్విచ్ గుండా ఫేజు వచ్చి ఫ్రిజ్, గీజర్ బాడీల మీద కూర్చుంటుంది.

పాతవైరింగ్: స్విచ్ తీసుకునే కరెంటు ఎంతని!

ఎర్త్‌పిన్: షాక్ కొట్టడానికి మిల్లీ ఆంపియర్లు చాలు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టేది ఎందుకనుకున్నారు?

కొత్తమీటరు: బల్బు ముందే తీసేశాను, అది కూడా లెక్కేనా? ఇప్పుడు పెట్టి చూస్తే, స్విచ్ ఆఫ్‌లో 70 పోయి సున్నా వచ్చింది.

సర్క్యూట్: అయితే అది లైటు వైరే. మూడోదాన్ని మాత్రం న్యూట్రల్ అని అప్పుడే అనుకోకండి, తెగిన వైరు కూడా సున్నా చూపించొచ్చు. మెయిన్ ఆపండి, ఫేజు, న్యూట్రల్ రెండూ తెంచే రకం అయ్యుండాలి. ప్లగ్గులన్నీ పీకి, ఆ బల్బు కూడా తీసేయండి. కరెంటు లేదని మీటరుతో చూసుకున్నాక, ఆ మూడో వైరు నుంచి పనిచేసే ప్లగ్ పాయింటు న్యూట్రల్‌కి బీప్ వస్తుందా, ఎర్త్‌కి వస్తుందా చూడండి.

కొత్తమీటరు: సరేనండీ, రేపు వెలుతురులో చూస్తా. థాంక్స్.

పాతవైరింగ్: తేలాక టేపు చుట్టడం మర్చిపోకండి.