బుల్లీయింగ్ సర్వే: పిల్లల నేపథ్య వివరాలు ఎంతవరకు రాయాలి?

ప్రశ్న (ఎం.ఎడ్. విద్యార్థిని):
అందరికీ నమస్తే. డిసర్టేషన్ కోసం 8, 9 తరగతుల పిల్లలతో బుల్లీయింగ్ (తోటి పిల్లలు పదేపదే ఏడిపించడం, వేధించడం) ప్రశ్నాపత్రం నింపించాను. రెండు జెడ్పీ హైస్కూళ్లు, ఒక గురుకులం, ఒక ప్రైవేటు స్కూలు. అబ్బాయిలెంతమంది, అమ్మాయిలెంతమంది, సగటు వయసు ఎంత అని ఒక్క పేరా రాస్తే గైడ్ గారు "ఇది చాలదమ్మా" అన్నారు, ఏం కావాలో మాత్రం చెప్పలేదు. సీనియర్ల థీసిస్‌లు తిరగేస్తే జిల్లాలో పారే నదులు కూడా ఉన్నాయి! కులం, హాస్టల్, తల్లిదండ్రుల చదువు అడిగాను. ఏది పెట్టాలి, ఏది వదిలేయాలి?

జవాబు 1:
నదులు వదిలేయండి మేడమ్. ఎంత శాతం మంది బుల్లీయింగ్‌కు గురయ్యారన్న మీ అంకెను అటూ ఇటూ చేసేవేంటో అవి ముందు రాయండి. ఎంతకాలంలో జరిగినవి అడిగారు? బుల్లీయింగ్ పరిశోధకుడు డాన్ ఓల్వేయస్ ప్రశ్నాపత్రం పద్ధతిలో గత రెండు నెలల్లో, నెలకు రెండుమూడుసార్లయినా జరిగితేనే లెక్కలోకి తీసుకుంటారు, అదే ఒక్కసారి జరిగినా చాలనుకుంటే అంకె ఎక్కడికో పోతుంది. నింపేటప్పుడు గదిలో ఎవరున్నారో కూడా రాయాలి, క్లాస్ టీచర్ బెంచీల మధ్య తిరుగుతుంటే ఏ పిల్లాడు ఉన్నదున్నట్టు టిక్ పెడతాడు? ఆ రోజు రాని పిల్లల సంఖ్య తప్పకుండా ఇవ్వండి, ఏడిపిస్తున్నారని బడి మానేసేవాళ్లు అందులోనే ఉండొచ్చు.

జవాబు 2:
గురుకులాన్ని మిగతావాటితో కలిపేయకండి, అక్కడి పిల్లలు రాత్రి కూడా ఏడిపించేవాళ్లతోనే ఉండాలి. కులం ఉండాల్సిందే, మన బళ్లలో ఏడిపించే మాటల్లో అది ఎంతగా ఉంటుందో తెలిసిందేగా. కానీ "ప్రైవేటు, 9వ తరగతి, ఎస్టీ, అమ్మాయి: 1" అని టేబుల్లో పడిందంటే స్కూలు పేరు దాచీ లాభం లేదు, ఆ హెడ్మాస్టర్ చూడగానే ఎవరో చెప్పేస్తాడు. అలాంటి గడులు కలిపేయండి, మండలం పేరు తీసేయండి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. తల్లిదండ్రుల చదువు చాలామంది ఖాళీగా వదిలేశారు, ఆ కాలమ్ తీసేయొచ్చా?

జవాబు 2:
తీసేయొద్దు, ఎంతమంది రాయలేదో అంకె వేయండి. పరిశోధన నివేదికలో ఏమేం ఉండాలో చెప్పే స్ట్రోబ్ చెక్‌లిస్టు అడిగేదీ అదే, ఒక్కో అంశానికి ఎంత డేటా లేదని. ఇంటి స్థితి గురించిన వివరాలు ఊరికే పోవు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పిల్లల పేదరికంపై 2002లో మొదలైన యంగ్ లైవ్స్ అధ్యయనం చూడండి, ఆ పిల్లల్లో పేదవాళ్లకే వేధింపులు ఎక్కువని తేలింది. ఆస్తిపాస్తుల వివరాలు చేతిలో లేకపోతే అది బయటపడేదా?

జవాబు 1:
ఇంకోటి, సర్వే చేసిన నెల రాయండి. జూన్‌లో కొత్త సెక్షన్లు, ఫిబ్రవరిలో పరీక్షల టెన్షన్, రెండూ ఒకటి కాదు.