సోవా రిగ్పా దానిమ్మ మందులో వేడి, చలువల పొందిక గురించి సందేహం

టిబెట్ వైద్యమైన సోవా రిగ్పాను సారనాథ్‌లోనో, లేహ్‌లోనో, ధర్మశాలలోనో అభ్యసించిన వారు దయచేసి నా సందేహాన్ని తీర్చవలసిందిగా కోరుతున్నాను.

జీర్ణశక్తి మందగించినప్పుడు ఇచ్చే సెండు-5 అనే మందులో దానిమ్మ, దాల్చినచెక్క, యాలకులు, పిప్పళ్లు, కుసుమ పువ్వు ఉంటాయని చదివాను. మొదటి నాలుగూ కడుపులో వేడిని రగిలించి, మన ఆయుర్వేదంలోని కఫానికి దగ్గరగా ఉండే బేకెన్ అనే దోషాన్ని తగ్గిస్తాయని అర్థమైంది. అయితే కాలేయపు వేడిని చల్లార్చేదిగా చెప్పే కుసుమ పువ్వును అదే మందులో చేర్చడం, పిత్తం వంటి త్రిపా అనే దోషం పెరగకుండా అడ్డుకోవడానికేనా? నాకు అలాగే తోస్తోంది, ఎంతో ముందుచూపున్న కూర్పు అనిపిస్తోంది.

దినుసుల ఆరు రుచులు, ఎనిమిది శక్తులు (వేడి, చలువ, బరువు, తేలిక వంటి గుణాలు), జీర్ణమైన తరువాత మిగిలే మూడు రుచులు అనే లెక్కల్లో, పాళ్లు నిర్ణయించేటప్పుడు వైద్యులు దేనికి ఎక్కువ విలువ ఇస్తారు? జీర్ణశక్తి తక్కువగా ఉంటూనే త్రిపా కూడా పెరిగిన రోగి వస్తే, పిప్పళ్ల మోతాదు తగ్గిస్తారా, లేక మందును అలాగే ఉంచి, వేరే వేళలో చలువ చేసే మరో మందు ఇస్తారా? నేను సొంతంగా వాడటానికి కాదు, ఈ పద్ధతిని సరిగా గ్రహించాలన్న కోరికతోనే అడుగుతున్నాను.