ఇల్లు అమ్మి తెరచాప పడవ కొంటామంటున్న అన్నావదినలను ఆపాలా, సాగనంపాలా?

బ్రాడీపేట ఆడపడుచు, గుంటూరు

మా అన్నయ్యకు 54 ఏళ్లు, వదినకు 50. విజయవాడ పటమటలో ఇరవై రెండేళ్లుగా కాపురం ఉంటున్న ఫ్లాటును అమ్మి, మలేసియాలోని లంకావి రేవులో అమ్మకానికి ఉన్న 36 అడుగుల పాత తెరచాప పడవను కొని, ఇక మీదట అందులోనే ఉండాలని నిశ్చయించుకున్నారు. కొడుకు ఉద్యోగంలో స్థిరపడ్డాడు. ఇద్దరూ గోవాలో రెండు విడతలుగా సెయిలింగ్ నేర్చుకుని వచ్చారు. మా అమ్మకు 79 ఏళ్లు, నా దగ్గరే ఉంటుంది.

పోయిన ఆదివారం అన్నయ్య పడవ నమూనా కాగితాన్ని భోజనాల బల్ల మీద పరిచి, వంటిల్లు ఇక్కడ, పడక ఇక్కడ అని అమ్మకు వేలు పెట్టి చూపిస్తుంటే, అమ్మ కళ్లజోడు సవరించుకుని, “తులసికోట ఎక్కడ పెట్టుకుంటారురా?” అని అడిగింది. అన్నయ్య నవ్వాడు. వదిన నవ్వలేదు, మారు మాట్లాడకుండా పళ్లేలు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఈ నిర్ణయం తప్పని నా అభిప్రాయం. అమ్మకు ఒంట్లో బాగోలేదని నేను ఫోన్ చేసిన రోజున వాళ్లు నడిసముద్రంలో ఉంటే ఎవరు వస్తారు? తెలిసినవారు చెప్పగలరు.

లబ్బీపేట పాఠకుడు, విజయవాడ

అమ్మా, మీ బాధ అర్థమవుతున్నా, ఆపాలనడం న్యాయం కాదు. మన రెండు ఊళ్లలో పిల్లలు అమెరికాలో లేని వీధి అరుదు. వాళ్లూ ఫోన్ చేసిన మర్నాటికి రాలేరు, అయినా వాళ్లను ఎవరూ తప్పుపట్టరు.

ఇక ప్రమాదం సంగతి. 2017-18లో నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళలు ‘తారిణి’ అనే తెరచాప పడవలో 254 రోజుల్లో భూమిని చుట్టి వచ్చారు, వారిలో ఒకరైన స్వాతి మన విశాఖ అమ్మాయి. అదే పడవలో 2024 అక్టోబరులో గోవా నుంచి బయలుదేరిన నౌకాదళ అధికారులు దిల్నా, రూప ఇద్దరే ఇద్దరు ప్రపంచాన్ని చుట్టి 2025 మేలో తిరిగొచ్చారు. లంకావి దాదాపు ఆరు డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. భూమధ్యరేఖకు అంత దగ్గరలో తుపాన్లు చాలా అరుదు. ఒకప్పుడు కోరంగిలో ఓడలు కట్టి బర్మా దాకా నడిపిన తీరం మనది. యాభై దాటినవారు సముద్రం మాటెత్తగానే మనం ఇంతగా హడలిపోవడం నాకు బాధ కలిగిస్తోంది.

విశ్రాంత మెరైన్ ఇంజనీరు, పటమట

నేను ఇరవై ఆరేళ్లు సరుకు ఓడల్లో పనిచేసి వచ్చినవాణ్ని. సముద్రం వద్దని నా నోట రాదు, కానీ లబ్బీపేట మిత్రులు చెప్పిన పోలిక ఇక్కడ అతకదు. దిల్నా, రూప మూడేళ్లు దాని కోసమే శిక్షణ పొందారు, ఆగిన ప్రతి రేవులోనూ వాళ్ల వెనుక నౌకాదళం నిలబడి ఉంది. ఎంతో అనుభవం ఉన్న నౌకాదళ అధికారి అభిలాష్ టామీ కూడా 2018 సెప్టెంబరులో, ఒంటరిగా భూమిని చుట్టే తెరచాప పడవల పందెంలో ఉండగా దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపానుకు చిక్కి, తెరచాప స్తంభం విరిగి, వెన్నుకు దెబ్బ తగిలి, లేవలేని స్థితిలో ఫ్రెంచి నౌక వచ్చేదాకా పడుకునే ఉండాల్సి వచ్చింది. ఆయన కోలుకుని, అదే పందెం మళ్లీ జరిగినప్పుడు రెండో స్థానంలో నిలిచారని కూడా చెప్పాలి.

దంపతులకు ఎదురయ్యే అసలు ప్రమాదం ఇంతకంటే చిన్నదిగా కనిపిస్తుంది. ఐదు నాట్ల వేగమంటే, అంటే గంటకు ఐదు సముద్రపు మైళ్లంటే, సెకనుకు రెండున్నర మీటర్లు. అర్ధరాత్రి మీ అన్నయ్య తెరచాప సర్దడానికి ముందుకు వెళ్లి, కాలుజారి నీళ్లలో పడ్డారనుకోండి, ఒక్క నిమిషంలో పడవ నూట యాభై మీటర్లు దాటిపోతుంది, అలల మధ్య మనిషి తల కొబ్బరికాయంత కూడా కనబడదు. అప్పుడు మీ వదినగారు నిద్రలోంచి లేచి, ఒంటరిగా తెరచాప దించి, ఇంజను వేసి, పడవను వెనక్కి తిప్పి, తడిసిన బట్టలతో బరువెక్కిన మనిషిని కప్పీతో పైకి లాగగలరా? నడుముకు కట్టుకునే తాడు ఎల్లవేళలా పడవకు తగిలించుకునే అలవాటు ఇద్దరికీ ఉందా? గాలి మారిన రాత్రి లంగరు జారితే ఆమె ఒక్కరే మళ్లీ వేయగలరా? ఈ మూడింటికీ ఆమె నోటి నుంచి అవునన్న మాట వచ్చాకే మిగతా సంగతి మాట్లాడుకోవాలి.

పాత పడవ గురించి ఒక మాట. స్తంభాన్ని నిలబెట్టే ఉక్కు తీగలు దూరం నుంచి తళతళలాడుతూనే ఉంటాయి. దూదిని తీగ పొడవునా మెల్లగా పాముతూ పోతే, ఒక చోట నాలుగు దూది పోగులు దానికి చిక్కుకుంటాయి. అక్కడ ఆ తీగలోని సన్నని ఉక్కు పోగు ఒకటి అప్పటికే తెగిందన్నమాట. అలాంటి తీగను నమ్ముకుని గాలిలోకి వెళ్లడమంటే స్తంభాన్ని పోగొట్టుకోవడానికి సిద్ధపడటమే. అడుగుభాగానికి నాచు, గవ్వలు పట్టకుండా పడవను ఏడాదికో రెండేళ్లకో ఒడ్డుకెత్తించి రంగు వేయించాలి. కొన్న ధరలో పదోవంతు ఏటా నిర్వహణకు పోతుందని పడవలవాళ్లు లెక్క వేసుకుంటారు.

ఎప్పటికైనా పడవను కృష్ణలోకి తెచ్చుకోవచ్చన్న ఆశ ఉంటే అది వదులుకోమనండి. అంత పడవకు అడుగున మనిషి లోతు నీరు కావాలి, హంసలదీవి దగ్గర సాగరసంగమంలో ఇసుక మేటలు ఉంటాయి, ఆపైన బ్యారేజీ ఉంది. 2024 సెప్టెంబరు వరదలో, 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహంలో, కట్లు తెంచుకుని వచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్ల బరువుదిమ్మెలను ఢీకొన్న దృశ్యాన్ని మన ఊళ్లో ఎవరమూ మరిచిపోలేదు.

అరండల్‌పేట ఆడిటర్, గుంటూరు

డబ్బు విషయం మాత్రం చెబుతాను. విదేశంలో పడవ కొనడానికి ఒక్కొక్కరు ఒక ఆర్థిక సంవత్సరంలో రెండున్నర లక్షల డాలర్ల వరకే పంపగలరు. పది లక్షల రూపాయలు దాటిన మొత్తంపై బ్యాంకు ముందుగానే పన్ను వసూలు చేస్తుంది, అది రిటర్నులో సర్దుబాటవుతుంది. పడవను భారతదేశానికి తెస్తే సుంకం, జీఎస్టీ వేరు. ఇక్కడి ఆరోగ్య బీమా చాలావరకు దేశం బయట పనిచేయదు. పడవ విలువ ఏటా తరుగుతుంది కాబట్టి, ఫ్లాటును అమ్మకుండా అద్దెకివ్వమని నా సలహా.

లబ్బీపేట పాఠకుడు, విజయవాడ

ఇంజనీరు గారి మూడు ప్రశ్నలను ఒప్పుకుంటాను. కప్పీలు, తీగల సంగతి నాకు తెలియదు. అయినా అన్నీ కుదిరాకే బయలుదేరాలంటే, మోకాళ్లు సహకరించే పదేళ్లు కాస్తా ఇంట్లోనే గడిచిపోతాయి. ఫ్లాటును అద్దెకిస్తే పడవకు డబ్బు చాలదు. ఆ చిక్కుకు ఆడిటర్ గారి దగ్గర సమాధానం లేదు.

బ్రాడీపేట ఆడపడుచు, గుంటూరు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న పటమట వెళ్లి ఆ మూడు ప్రశ్నలూ అన్నయ్య ఎదురుగానే వదినను అడిగాను. వదిన చాలాసేపు ఆలోచించి, “నడుముతాడు ఎప్పుడూ విప్పను. లంగరు వేయడం చూశానే కానీ వేయలేదు. పడవను వెనక్కి తిప్పడం నాకు రాదు. రెండు విడతల్లోనూ చుక్కాని మీ అన్నయ్య చేతిలోనే ఉంది, నన్ను అడగలేదు, నేనూ అడగలేదు” అని చెప్పింది. వెళ్లాలని ఉందా అంటే, ఉందనే అంది, తనకు చేతకాని చోట బతకడం మాత్రం ఇష్టం లేదంది. అన్నయ్య తల వంచుకుని విన్నాడు.

ప్రస్తుతానికి ఫ్లాటు బేరం ఆపారు. జనవరిలో వదిన ఒక్కతే గోవా వెళ్లి నేర్చుకుంటుంది, ఆ తర్వాత లంకావిలో అద్దె పడవ మీద ఇద్దరూ మూడు నెలలు ఉండి చూస్తారట. అమ్మ విషయంలో నా అభ్యంతరం అలాగే ఉంది, దాన్ని వాళ్లకు ముఖం మీదే చెప్పాను. ఆ మూడు నెలల్లో లంకావి రేవు వదిలి రెండు రోజుల ప్రయాణానికి మించి వెళ్లబోమని అన్నయ్య మాట ఇచ్చాడు.