సంఘం సైట్‌లో బ్లాకులన్నిటికీ తాళం వెయ్యడం సరైనదేనా?

వైట్‌ఫీల్డ్ వాసి:
బెంగళూరులో మా ఏరియా తెలుగు సంఘానికి వర్డ్‌ప్రెస్ (సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్)లో సైట్ నేనే కట్టాను, ఉచితంగానే. అందులో పేజీ అంటే బ్లాకులే: పేరా ఒకటి, ఫోటో ఒకటి, అలా. పేజీలు రాసేది నలుగురు వాలంటీర్లు. 2024 ఉగాదికి ఒకరు కార్యక్రమం టైమ్ మార్చారు, అది ఆరు పేజీల్లో మారిపోయింది. అప్పటినుంచి టెంప్లేట్ లాక్ 'ఆల్' పెట్టాను. అక్షరాలు దిద్దుకోవచ్చు గానీ బ్లాకులు చేర్చలేరు, తీయలేరు, జరపలేరు. ఇప్పుడు దీనిమీద గొడవ. మీరే చెప్పండి.

కేఆర్ పురం అక్క:
ఆ ఒకరు నేనే. అది సింక్డ్ ప్యాటర్న్ అని, ఒకచోట మారిస్తే వాడిన చోటల్లా మారుతుందని నాకెవరు చెప్పారు తమ్ముడూ? ముందే డిటాచ్ చేసుకోమని, అంటే ఆ పేజీలోదాన్ని మిగతావాటినుంచి విడదీసుకోమని ఒక్క మాట అంటే అయిపోయేది.

పాతకాపు:
క్లాసిక్ ఎడిటర్ ప్లగిన్ వేసుకోండి, బ్లాకులు లేని పాత ఎడిటర్ వస్తుంది. 2018లో బ్లాకులతో వర్డ్‌ప్రెస్ 5.0 వచ్చినప్పుడే వేశాను, ఇప్పటికీ హాయిగా ఉన్నాను.

వైట్‌ఫీల్డ్ వాసి:
చెప్పాను అక్కా. గ్రూపులో పీడీఎఫ్ పెట్టాను, నాలుగో పేజీలో ఉంది. సింక్డ్ ప్యాటర్న్‌కి వచ్చే ఊదారంగు గీత కనిపిస్తే ముట్టుకోవద్దని రాశాను. ఎవరూ తెరవలేదు. పండగ ముందురోజు రాత్రి పదకొండింటికి ఫోన్లు మాత్రం నాకే వచ్చాయి. మా పాపకి జ్వరం, ఒళ్లో పెట్టుకుని సరిచేశాను.

కేఆర్ పురం అక్క:
పాప సంగతి నాకు తెలియదు, తెలిస్తే ఫోన్ చేసేదాన్నే కాదు. కానీ పీడీఎఫ్ నేను చదివాను. ఊదారంగు అని ఉంది, ఎందుకో లేదు.

వైట్‌ఫీల్డ్ వాసి:
నాలుగో పేజీ కింది పేరా చూడండి.

ఫిల్టర్ కాఫీ:
పీడీఎఫ్ వదిలెయ్యండి ఇద్దరూ. వర్డ్‌ప్రెస్ 6.0 నుంచి ఒక్కో బ్లాకుకీ విడిగా లాక్ వెయ్యొచ్చు. కదలకూడనివాటికి వేసి, తాళం తీసే హక్కు అడ్మిన్‌కే ఉంచితే సరిపోతుంది. పేజీ మొత్తం బిగించడం ఎందుకు?

వైట్‌ఫీల్డ్ వాసి:
సరిపోదు. అలా వేస్తే ఆ బ్లాకు కదలదు గానీ, దాని పైన ఇంకొకటి చేర్చొచ్చు.

కేఆర్ పురం అక్క:
చేర్చితే ఏమవుతుంది? రక్తదాన శిబిరం నోటీసు హోంపేజీలో పైన పెట్టమని సోమవారం అడిగాను. గురువారం పెట్టావు, అదీ కిందెక్కడో. శిబిరానికి పదకొండు మంది వచ్చారు. అంతకుముందు ఏడాది అరవై మంది. ఆ బాధ నీకు తెలుస్తోందా?

వైట్‌ఫీల్డ్ వాసి:
తెలుస్తోంది. కానీ పైన స్థలాల కంపెనీ బ్యానర్ ఉంది. హోస్టింగ్ డబ్బు వాళ్లది. దాని పైన ఏదీ రాకూడదని కమిటీ నాకు చెప్పింది.

కేఆర్ పురం అక్క:
అంటే ఈ తాళం ఉగాది తప్పుకి కాదా? ఏడాదిగా నా చేతకానితనం వల్లే అనుకుంటూ కూర్చున్నాను.

వైట్‌ఫీల్డ్ వాసి:
రెండూ ఉన్నాయక్కా. మొదట పెట్టింది ఉగాది వల్లే. తీద్దామనుకునేసరికి కమిటీ ఉంచమంది. ఆ మాట మీకు చెప్పలేదు, అది నా తప్పే.

మారతహళ్లి:
హోస్టింగ్ ఏడాదికి ఎంత? తలా వంద వేసుకుంటే పోతుంది కదా.

కేఆర్ పురం అక్క:
అదే ఆదివారం మీటింగ్‌లో అడుగుతాను. నువ్వూ రా తమ్ముడూ. బ్యానర్ పైన నోటీసుకి ఒక్క బ్లాకు చోటు కావాలి, అంతే. నువ్వు పక్కన లేకపోతే నాకేమీ తెలియదని కొట్టిపారేస్తారు.

వైట్‌ఫీల్డ్ వాసి:
వస్తాను. పాపని కూడా తీసుకొస్తాను.