బైపోలార్ ఉన్నవాళ్లకు మాత్రలు ఆపేసి ప్రకృతి వైద్యం చేయించవచ్చా?

మహేంద్రతనయ, పర్లాకిమిడి

అందరికీ నమస్తే. మా ఇంట్లో కొన్నాళ్లుగా ఇదే గొడవ. మీలో తెలిసినవాళ్లు ఉంటారని అడుగుతున్నాను.

మా తమ్ముడు సూరత్‌లో మరమగ్గాల మిల్లులో పనిచేసేవాడు. అక్కడ ఉండగానే నిద్ర మానేసి, దాచుకున్న డబ్బు ఎవరెవరికో పంచేసి, పెద్ద వ్యాపారం పెడుతున్నానని అర్ధరాత్రుళ్లు చుట్టాలందరికీ ఫోన్లు చేశాడు. ఇంటికి తెచ్చుకున్నాక నెలల తరబడి మంచం దిగలేదు. డాక్టరు బైపోలార్ అని, అంటే ఉన్మాదం, కుంగుబాటు మారిమారి వచ్చే జబ్బని చెప్పి లిథియం మాత్రలు మొదలుపెట్టారు. ఇప్పుడు మనిషి కుదుటపడ్డాడు, మా కొట్టు చూసుకుంటున్నాడు. కాకపోతే ఒళ్లు చేశాడు, చేతులు వణుకుతున్నాయి, దేని మీదా మునుపటి ఉత్సాహం లేదంటాడు.

మా బాబాయి వాడిని ఒక ప్రకృతి ఆశ్రమానికి తీసుకెళ్తానంటున్నాడు. అక్కడ చేరిన రోజునుంచే ఇంగ్లీషు మందులన్నీ ఆపాలట. ఉప్పు లేని పథ్యం, మధ్యమధ్యలో ఉపవాసం, రోజూ ఆవిరి స్నానం, తెల్లవారుజామున 3 గంటలకు లేచి ధ్యానం. శరీరం శుద్ధి అయితే మనసు దానంతటదే కుదురుతుందని వాళ్లు చెప్పారట. అమ్మ రాయగడ మజ్జిగౌరమ్మకి మొక్కుకుంది. నాకు మాత్రం మాత్రలు ఆపడమంటేనే భయంగా ఉంది. ఏం చేయమంటారు?

వంశధార మాస్టారు, గుణుపురం

అమ్మా, భయపడకు. నేను రిటైరయ్యాక ఊళ్లో యోగా నేర్పుతున్నాను, కాబట్టి చూసిందే చెబుతున్నాను. ఆస్పత్రిలో డాక్టరు ముందు కూర్చుంటే రెండు నిమిషాలు. పాత చీటీ చూసి, అవే మాత్రలు మళ్లీ రాసి పంపేస్తారు. ఏం తింటున్నాడు, ఎప్పుడు పడుకుంటున్నాడు, ఇంట్లో ఎవరితో మాట్లాడుతున్నాడు, ఒక్కరు అడగరు. మనిషిని కాదు, మెదడులో ఒక ముక్కని బాగుచేస్తున్నట్టు ఉంటుంది వాళ్ల పద్ధతి. ఒళ్లు పెరిగి షుగరు వస్తే దానికింకో మాత్ర.

బెంగళూరు నిమ్హాన్స్ లాంటి పెద్ద మానసిక ఆస్పత్రిలోనే యోగా నేర్పుతున్నారు. పనికిరానిదైతే అక్కడెందుకు పెడతారు? జీవితాంతం రసాయనాల మీద బతకడం కుర్రాడికి శిక్ష. మీ బాబాయి మాటలో న్యాయం ఉంది.

ఋషికుల్య, బరంపురం

నేను మానసిక వార్డులో చాలాకాలం నర్సుగా పనిచేశాను. డాక్టరుని కాను, కానీ ఈ ఒక్క విషయం అందరికీ తెలియాలి. దయచేసి పూర్తిగా చదవండి.

లిథియం అనేది ఒక రకమైన ఉప్పే. కిడ్నీలు దాన్ని మనం తినే ఉప్పులోని సోడియంతో కలిపే చూసుకుంటాయి. ఒంట్లో ఉప్పు తగ్గితే కిడ్నీలు సోడియాన్ని బయటికి పోనివ్వవు, దాంతోపాటు లిథియాన్నీ పట్టి ఉంచుతాయి. రక్తంలో దాని మోతాదు పెరిగిపోతుంది. చాలామందికి లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండేలా చూస్తారు. 1.5 దాటిందంటే విషం లక్షణాలు రావచ్చు: వాంతులు, విరేచనాలు, చేతుల వణుకు బాగా పెరగడం, నడక తూలడం, మాట తడబడటం. ఇంకా ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది.

ఇప్పుడు ఆ ఆశ్రమం పద్ధతి చూడండి. ఉప్పు లేని పథ్యం, ఉపవాసం, ఆవిరి స్నానంలో చెమట. లిథియం వాడే మనిషికి ఈ మూడూ ప్రమాదమే. సరే, మాత్రలు ముందే ఆపేస్తారు కదా అంటారేమో. లిథియం ఒక్కసారిగా ఆపితే ఆ ఉన్మాదపు పొంగు మళ్లీ వచ్చే అవకాశం చాలా ఎక్కువ, ఆత్మహత్య ప్రమాదం కూడా పెరుగుతుంది. మధ్యలో మనసు మార్చుకుని ఇంట్లోవాళ్లు రహస్యంగా మాత్రలు ఇచ్చారనుకోండి, ఉప్పు లేని ఒంట్లోకి లిథియం వెళ్తుంది. ఎటు చూసినా కుర్రాడికే దెబ్బ.

మాస్టారూ, నిమ్హాన్స్‌లో యోగా నేర్పే మాట నిజమే. అక్కడ మందులతోపాటు నేర్పుతారు, మందులు మానిపించి కాదు.

మహేంద్రతనయ గారూ, చేతులు వణుకుతున్నాయని రాశారు. లిథియం రక్తపరీక్ష చివరిసారి ఎప్పుడు చేయించారు? ఒంటినొప్పులకని డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కొట్లో కొని వేసుకుంటున్నాడా? వాటివల్ల కూడా లిథియం పెరుగుతుంది.

వంశధార మాస్టారు, గుణుపురం

ఉప్పు తగ్గితే ప్రమాదం, చెమట పడితే ప్రమాదం, నొప్పి మాత్ర వేసుకుంటే ప్రమాదం. నర్సమ్మా, ఇన్ని ప్రమాదాలున్నదాన్ని మందు అంటారా? మీరు చెప్పిందే నా మాటకు సాక్ష్యం. ప్రకృతిలో దొరికేది ఏదీ ఇలా ఉండదు.

జయపురం వైద్యురాలు, కొరాపుట్ జిల్లా

మాస్టారూ, నేను ఆయుర్వేదం చదివి ప్రాక్టీసు చేస్తున్నదాన్ని. మా శాస్త్రం మీద గౌరవంతోనే మీకు అడ్డు చెబుతున్నాను.

లిథియం ప్రకృతిలో రాళ్లలో, నీటి ఊటల్లో దొరికే ఖనిజమే. ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు 1949లో అది ఉన్మాదాన్ని తగ్గిస్తుందని ప్రచురించాడు. మన సర్పగంధ సంగతి తీసుకోండి. పిచ్చికి ఆ వేరు వాడటం మన దేశంలో ఎప్పటినుంచో ఉంది. కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ దాని గురించి 1931లో రాశారు. 1952లో దాన్నుంచి రెసెర్పిన్ అనే మందు విడదీశారు, కొన్నేళ్లపాటు ప్రపంచమంతా మానసిక రోగులకు, బీపీకి వాడారు. మన వేరు అంత పని చేసింది. దాంతోపాటే బీపీ బాగా పడిపోవడం, మనసు కుంగిపోవడం కూడా బయటపడ్డాయి. మొక్కలో ఉన్నంతమాత్రాన మెత్తగా ఉండదు. పనిచేసే ప్రతిదానికీ మోతాదు ఉంటుంది.

ఇంకోటి. ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద మందుల్ని పరీక్షించి అమెరికా పరిశోధకులు 2008లో ప్రచురించారు. దాదాపు ఐదో వంతులో సీసం, పాదరసం, ఆర్సెనిక్ లాంటివి బయటపడ్డాయి. సీసం నరాలను, కిడ్నీలను దెబ్బతీస్తుంది. లిథియం వాడేవాడికి కిడ్నీ ఎంత ముఖ్యమో నర్సు గారు చెప్పనే చెప్పారు. ఏ ఆశ్రమంలోనైనా పేరు లేని పొట్లం, పేరు లేని భస్మం ఇస్తే తీసుకోవద్దు.

నా దగ్గరికి ఇలాంటివాళ్లు వస్తే ముందు చీటీ చూస్తాను. లిథియం ఉంటే విరేచన కర్మ, అంటే విరేచనాలు చేయించే చికిత్స మాట ఎత్తను. నిద్ర వేళలు, తిండి వేళలు, నడక, నూనె మర్దన, వీటితోనే చాలా చేయవచ్చు. ఆ డాక్టరు రాసిన మాత్ర మాత్రం నేను ఆపను.

బరంపురం కుర్రోడు

నాకూ బైపోలార్. నేను వాడేది వాల్ప్రోయేట్. ఇక్కడ అందరూ అక్క తమ్ముడి గురించి మాట్లాడుతున్నారు గానీ, ఆ తమ్ముడికి ఏం కావాలో ఎవరైనా అడిగారా?

మాస్టారూ, ఒళ్లు పెరగడం గురించి మీరన్నది నిజం. మాకు ఎంత సిగ్గుగా ఉంటుందో డాక్టర్లకు అర్థం కాదు. అడిగితే "ముందు ప్రాణం చూసుకో" అంటారు. ప్రాణం మాకూ కావాలి, దాంతోపాటు పెళ్లి, ఉద్యోగం, అద్దంలో చూసుకోగలిగే మొహం కూడా కావాలి. అందుకే మాలో చాలామంది ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేస్తారు. ఆశ్రమాలకు జనం పరిగెత్తేది కూడా ఇందుకే.

అయినా తెల్లవారుజామున 3 గంటలకు లేచే ధ్యానం మాత్రం వద్దు. మా జబ్బుకి నిద్రే ప్రాణం. బుడి ఠాకురాణి యాత్ర జరిగినన్నాళ్లూ బరంపురం నిద్రపోదు. కనకతప్పెట్లూ వేషాలూ చూస్తూ వరసగా రాత్రిళ్లు మేలుకున్నాను, అక్కడినుంచే నాకు మళ్లీ పొంగు మొదలైంది. అది భక్తి అనుకున్నారు ఇంట్లో. ఇప్పుడు యాత్రకి సాయంత్రమే వెళ్లి, దండం పెట్టుకుని, పది గంటలకల్లా పడుకుంటాను. శివరాత్రికి ఉపవాసం ఉంటాను, జాగారం చేయను. అమ్మవారికి నామీద కోపం రాలేదు.

యోగా నాకు మేలు చేసింది. మెల్లగా చేసే ఆసనాలు, మామూలు శ్వాస. వేగంగా కొట్టే భస్త్రిక, కపాలభాతి నాకు వద్దని డాక్టరే చెప్పారు, పొంగు వైపు ఉన్నప్పుడు అవి ఇంకా రేపుతాయట.

నాగావళి, రాయగడ

వాళ్లమ్మ గారి మొక్కు గురించి ఎవరూ మాట్లాడలేదు. తప్పకుండా తీర్చమనండి. మజ్జిగౌరమ్మ గుడికి మా పార్వతీపురం, విజయనగరం వైపునుంచి ఎంతమంది వస్తారో నాకు తెలుసు. బిడ్డ బాధ ఎవరికీ చెప్పుకోలేని తల్లికి ఆ గుడి మెట్ల మీద కూర్చుంటే కాస్త ఊపిరి అందుతుంది. దాన్ని మూఢనమ్మకం అని తోసేసేవాళ్లకి మన ఇళ్లు తెలియవు.

గుజరాత్‌లో ఉనావా అనే ఊరి మీరా దాతార్ దర్గాలో దువా, దవా, అంటే ప్రార్థన, మందు రెండూ ఒకేచోట దొరికే ఏర్పాటు చేశారు. ప్రార్థనకి వచ్చినవాళ్లని అక్కడే డాక్టరు చూస్తారు. అలాంటిది మన వైపు గుళ్ల దగ్గర ఎందుకు పెట్టకూడదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

కానీ ఎక్కడైనా సరే తలుపు బయట గొళ్లెం పెట్టి, మందులు మానిపించి ఉంచే చోటికి మాత్రం పంపకండి. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఎర్వాడిలో గొలుసులతో కట్టేసిన 28 మంది మంటల్లో కాలి చనిపోయారు. నయమవుతుందన్న ఆశతో ఇంటివాళ్లు తెచ్చి దింపినవాళ్లే వాళ్లు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం రోగిని గొలుసుతో కట్టడం నేరం. ఆశ్రమంలో రాత్రి పూట తలుపులు ఎలా ఉంటాయి, డాక్టరు ఉంటాడా, ఇంట్లోవాళ్లు ఎప్పుడైనా వచ్చి చూడవచ్చా, మీ బాబాయిని అడగమనండి.

ఇంకో కష్టం కూడా చెప్పాలి. మన తల్లులు ఆస్పత్రికి వెళ్తే అక్కడ ప్రశ్నలన్నీ ఒడియాలో. కూరగాయలు కొనడానికి మా అత్తకి ఒడియా చాలు. "లోపల ఏదో కోసేస్తున్నట్టు ఉంది బాబూ" అనే మాట తెలుగులోనే వస్తుంది. అది డాక్టరుకి చేరదు. చీటీలో "నిద్ర లేదు" అని మాత్రమే రాస్తారు.

ఋషికుల్య, బరంపురం

నాగావళి గారు చెప్పింది వార్డులో రోజూ చూశాను. కొడుకో కోడలో తర్జుమా చేస్తుంటే తల్లి అసలు మాట మింగేస్తుంది, ఎందుకంటే ఆ మాట కోడలి గురించే అయి ఉంటుంది. టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడవచ్చు. 2022 అక్టోబరులో మొదలైంది, ఫోను ఉచితం. అది డాక్టరుకి బదులు కాదు, కానీ తల్లి తన భాషలో గుండె విప్పడానికి ఒక దారి. విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలో అయితే తెలుగులోనే అన్నీ చెప్పుకోవచ్చు. పర్లాకిమిడి నుంచి వెళ్లేవాళ్లు చాలామందే ఉన్నారు.

బరంపురం తమ్ముడు అడిగిన ప్రశ్నకి చట్టంలోనే జవాబుంది. బాగున్న రోజుల్లో మనిషి తనకి ఏ వైద్యం కావాలో, ఏది వద్దో ముందే రాసి పెట్టుకోవచ్చు. తన తరఫున మాట్లాడే మనిషిని ఎంచుకోవచ్చు. అది బాబాయే కానక్కరలేదు.

మహేంద్రతనయ, పర్లాకిమిడి

అందరికీ కృతజ్ఞతలు. లిథియం పరీక్ష చేయించి ఏడాది దాటింది. మందుల చీటీ చూపించి కొట్లో తెచ్చుకుంటున్నాం, అంతే. కొట్లో బస్తాలు మోసి నడుం పట్టేస్తే నొప్పి మాత్ర వేసుకుంటున్నాడట, ఈ రోజే చెప్పాడు.

వాడిని కూర్చోబెట్టి ఇదంతా చదివించాను. ఆశ్రమానికి వెళ్లనన్నాడు. మాత్రలు ఆపాలని తనకి లేదట, వణుకు తగ్గితే చాలన్నాడు, కొట్లో చిల్లర లెక్కపెడుతుంటే జనం చూస్తున్నారని బాధ. రోజూ పొద్దున్నే నది వైపు సైకిల్ తొక్కుతానన్నాడు. తన తరఫున మాట్లాడాల్సింది నేనే అన్నాడు.

ఋషికుల్య, బరంపురం

అయితే ఆలస్యం చేయకండి. నొప్పి మాత్ర ఈ రోజే ఆపించి, ఆ సంగతి డాక్టరుకి చెప్పండి. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకి రక్తం ఇవ్వాలి, పొద్దున మాత్ర పరీక్ష అయ్యాకే. లిథియంతోపాటు థైరాయిడ్, కిడ్నీల కోసం క్రియాటినిన్ పరీక్షలు కూడా చేయించండి. లిథియం వల్ల కొందరికి థైరాయిడ్ తగ్గుతుంది, అది తగ్గితే ఒళ్లు పెరగడం, ఉత్సాహం పోవడం రెండూ ఉంటాయి. అదే కారణమైతే దానికి వైద్యం సులువు. ఎండలో సైకిల్ తొక్కితే నీళ్లు బాగా తాగాలి. ఉప్పు వేసిన చద్దన్నమో, చోడి అంబలో ఎప్పటిలాగే తినమనండి. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, నడక తూలినా పరీక్ష కోసం ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

వంశధార మాస్టారు, గుణుపురం

జీవితాంతం మాత్రల మీద ఆధారపడకూడదన్న నా అభిప్రాయం మారలేదు. మోతాదు తగ్గించే రోజు వస్తే డాక్టరు చేతనే తగ్గించండి, ఆ మాటకి అభ్యంతరం లేదు. కానీ నర్సమ్మా, ఏడాదిపాటు పరీక్ష చేయించమని ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు చూశారా? ఉప్పు సంగతి, నొప్పి మాత్ర సంగతి చీటీ రాసినప్పుడే చెప్పి ఉండాల్సింది. మనిషి మొత్తాన్ని చూడరని నేను మొదట అన్నది ఇదే.

అమ్మా, ఉప్పు మానిపించడం, ఆవిరి స్నానాలు ఈ కుర్రాడికి వద్దు. మీ బాబాయి నర్సు మాట వినకపోవచ్చు, ప్రకృతి వైద్యం నమ్మే నాలాంటివాడి మాట వింటాడు. నా నంబరు నీకు విడిగా పంపాను. ఆదివారం ఆయన చేత ఫోన్ చేయించు, నేను మాట్లాడతాను.